హద్దు దాటిన కుర్చీ

రూతన్ సెడ్లాక్ ఇల్లు కొనబోతోందన్న కబురు బీచ్‌వ్యూ పేటలో పొక్కినప్పటి నుంచి ఆమెకు సలహాల కరువు లేకుండా పోయింది. పిట్స్‌బర్గ్ జనం పక్కింటి సంగతుల్లో తల దూర్చడాన్ని తప్పుగా అనుకోరు, పలకరింపుగానే అనుకుంటారు. అడగనివాళ్లదే పొగరంటారు.

మాంసం కొట్టు వెర్నన్ సాసేజీలు తూస్తూ తూస్తూ ఆపి, నగరం హద్దు దాటి వెళ్లినవాళ్లెవరూ బాగుపడలేదని తేల్చేశాడు. అతని తమ్ముడు అలాగే వెళ్లాడట, ఏడాది తిరక్కుండా పెళ్లాం వదిలేసిందట. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని రూతన్ అడగలేదు. అడిగితే సాసేజీలు ఇంకో అరగంటకు గానీ చేతికి రావు. ఆడపడుచు కార్లా ఉండేది నగరానికి చాలా దూరంగా, కొత్తగా వేసిన కాలనీలో. రెండు కార్లు పట్టే గరాజీ, ఇంటి వెనక పెద్ద పచ్చిక ఉన్న ఇళ్లు అక్కడ దొరుకుతుండగా ఈ పాత ఇటుక కొంపల మీద మోజేమిటని ఆమె బాధ. పాలడబ్బాకి కూడా కారు తియ్యాల్సిన చోటు తనకొద్దని రూతన్ చెబితే మూతి ముడుచుకుంది. ఇక ట్రామ్ డిపోలో తోటి డ్రైవరు మార్విన్ ఉన్నాడు. హద్దు అవతలి డార్మాంట్ వెళితే జీతం మీద పన్ను తగ్గుతుంది, ఇంటి మీద పన్ను వాచిపోతుంది, ఎడమ జేబులో మిగిలింది కుడి జేబులోంచి పోతుంది అని నవ్వాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

తలా ఒక మాట అన్నారు గానీ, రూతన్‌కి నిద్ర పట్టనివ్వని సంగతిని ఒక్కరూ ఎత్తలేదు. తెల్లారకముందే తను ట్రామ్ తోలడానికి వెళ్లిపోతే, కొత్త ఇంట్లో పిల్లల్ని లేపి, తినిపించి, బడికి పంపేది ఎవరు?

రూతన్ బీచ్‌వ్యూలోనే పుట్టింది. తండ్రి బస్సుల మెకానిక్కు, తల్లి బడి వంటశాలలో పనిచేసేది. పెళ్లాడిన డెనిస్ ఇళ్ల పైకప్పులు వేసేవాడు. కప్పు మీద నిలబడి గొంతెత్తి పాడేవాడట, కింద వీధిలో వెళ్లేవాళ్లు ఆగి మరీ తిట్టేవారట, అంత ఘోరంగా ఉండేదట పాట. ఆ మనిషి ఒక వేసవి మధ్యాహ్నం పని మధ్యలో గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. అప్పటికి కూతురు మోరాకి ఎనిమిదేళ్లు, కొడుకు ఆగీకి ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. రూతన్ మందుల షాపులో బిల్లులు కొట్టే పని మానేసి ట్రామ్ డ్రైవరుగా చేరింది. ఆ ఉద్యోగంలో పిల్లలకు ఆసుపత్రి ఖర్చులు వస్తాయి, పింఛను వస్తుంది. అయితే చేరిన కొత్తలో ఎవరూ కోరని డ్యూటీలే చేతికొస్తాయి. ఆమెకొచ్చింది పొద్దుటి మొదటి ట్రామ్. తర్వాత తర్వాత మార్చుకునే వీలొచ్చినా మార్చుకోలేదు. మధ్యాహ్నం డ్యూటీ తీసుకుంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు తను ఇంట్లో ఉండదు, రాత్రి వచ్చేసరికి వాళ్లు నిద్రపోతారు. అమ్మ అనే మనిషి సెలవురోజు చుట్టమైపోతుంది.

ఈ నాలుగేళ్లూ బండి నడిచిందంటే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఇర్మా హ్లవాచ్ వల్ల నడిచింది. స్లోవాక్ కుటుంబం, అరవై దాటిన వితంతువు, చర్చి వంటగదిలో పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, చుట్టే ఆడవాళ్లకు పెద్ద. డెనిస్‌ను పాతిపెట్టి వచ్చిన మర్నాడు ఆవిడ మెట్లెక్కి పైకి వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "నీ తాళంచెవి ఒకటి ఇటివ్వు," అని మాత్రం చెయ్యి చాపింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఇర్మా పైకి వస్తుంది. ఓట్స్ జావ కాస్తుంది, ఆగీ జుట్టు తడిచేత్తో అణిచి దువ్వుతుంది, కోటు వేసుకోనని మొండికేసే మోరాతో రోజూ ఒకే పోట్లాట పెట్టుకుంటుంది. ఇందులో ఏదీ రూతన్ కళ్లారా చూసింది కాదు. ఆ వేళకు ఆమె నది మీది వంతెన దాటుతూ ఉంటుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక బోర్లించి ఉన్న రెండు గిన్నెలు చూసి, పొద్దుట అంతా సవ్యంగా జరిగిందని తెలుసుకునేది. ఎన్నోసార్లు థాంక్స్ చెప్పబోయింది. ఇర్మా వినేది కాదు, చెత్తబుట్ట బయట పెట్టావా లేదా అని మాట మార్చేసేది.

అంత మంచి చోటు వదిలి ఎందుకెళ్లడం అంటే, పై వాటాలో ఉన్నవి రెండే గదులు. మోరాకి పన్నెండొచ్చాయి. తమ్ముడితో పంచుకునే గదికి అడ్డంగా దుప్పటి కట్టుకుని, దాని వెనక బట్టలు మార్చుకుంటోంది. పైగా వచ్చే ఏడు ఆ పిల్ల పెద్ద బడికి వెళ్లాలి. నగరంలో ఆ బడికి బస్సెక్కి కొండ దిగి నది దాటాలి. డెనిస్ బీమా డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని రూతన్ ఇళ్లు చూడ్డం మొదలుపెట్టింది.

బీచ్‌వ్యూలోనే అమ్మకానికి వచ్చిన ఇల్లు కొండ నెత్తిన ఉంది. కిరాణా సంచులతో అన్ని మెట్లెక్కితే ఇంట్లో అడుగుపెట్టేసరికి పాలు విరిగిపోతాయనిపించింది. పక్కనున్న బ్రూక్‌లైన్ పేటలో ఒక ఇల్లు చూసింది. ఎవరో వ్యాపారి కొని, గోడలకి బూడిదరంగు, నేలకి బూడిదరంగు, ఆఖరికి వంటింటి అలమరలకి కూడా బూడిదరంగు పులిమి, ధర రెట్టింపు చేశాడు. ఇక మిగిలింది డార్మాంట్. ట్రామ్‌లో ఎక్కి కూర్చుని చేతిసంచి సర్దుకునేలోపు వచ్చేస్తుంది. అవే కొండలు, అవే ఇటుక ఇళ్లు, ఇంటి ముందు అవే వరండాలు. మధ్యలో బోర్డు లేకపోతే నగరం ఎక్కడ ఆగిందో, శివారు ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు. అయితే అక్కడ పిల్లలు బడికి నడిచి వెళతారు. నడిచే దూరంలోనే పెద్ద ఈతకొలను ఉంది, సినిమా హాలుంది, రొట్టెల కొట్టుంది. ఎటు నుంచి తూచినా తక్కెడ డార్మాంట్ వైపే మొగ్గుతోంది. ఒక్క పొద్దుటి పూట సంగతి తీసి అవతలి పళ్లెంలో వేసేసరికి మళ్లీ మొదటికొస్తోంది.

ఇర్మా లెక్కలో డార్మాంట్ అంటే వేరే దేశం. ఆవిడకు అక్కడ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు గానీ అభిప్రాయాలు మాత్రం బోలెడున్నాయి. అక్కడివాళ్లు తలుపులు వేసుకుని బతుకుతారని, అందరికీ వెనకాల గరాజీలుంటాయని, ఒకరి మొహం ఒకరు చూసుకోరని గట్టి నమ్మకం. ఫిబ్రవరిలో ఒక శనివారం డార్మాంట్‌లో ఇల్లు చూడ్డానికి రూతన్ బయల్దేరితే, పిల్లలతో పాటు తనూ కోటు తొడుక్కుని కారులో ఎక్కి కూర్చుంది.

"ఇల్లు నువ్వు చూసుకో. నేను ఆ వీధి మొహం చూడ్డానికొస్తున్నా," అంది.

ముందు రోజంతా మంచు కురిసింది. వీధి పొడుగునా కార్లు తెల్లటి గుట్టల్లా ఉన్నాయి. బండి పెట్టుకోడానికి ఒక్కటంటే ఒక్క చోటు ఖాళీగా ఉంది. ఎవరో అంచులు చెక్కినట్టు నీటుగా మంచు ఎత్తిపోసి, నల్లటి తారు కనిపించేదాకా గీకిన చోటు. దాని మధ్యలో పసుపు రెగ్జిను సీటున్న పాత వంటింటి కుర్చీ ఒకటి నిలబడి ఉంది.

ఈ కుర్చీ సంగతి పిట్స్‌బర్గ్‌లో పసిపిల్లలకు కూడా చెప్పక్కర్లేదు. ఎవరు మంచు ఎత్తిపోస్తే ఆ చోటు వాళ్లది, కుర్చీ వేసి ఎక్కడికైనా వెళ్లి రావచ్చు. ఏ చట్టంలోనూ రాసి లేదు, అయినా పోలీసులు కూడా ఆ కుర్చీని తప్పుకునే వెళతారు. మనం బస్సు కిటికీలోంచి వేసే తువ్వాలు కన్నా దానికి మర్యాద ఎక్కువ. ఇక తన వీధిలో ఆ మర్యాద కాపాడే భారమంతా ఇర్మాదే. కొత్తగా వచ్చిన ఫాదర్ ఒకసారి తెలియక కుర్చీ పక్కకు జరిపితే, ఆయన జనం పాపాలు వినే గదిలోకే వెళ్లి మోకరించి, ఆయన పాపం ఆయనకు చెప్పి వచ్చిన మనిషి.

రూతన్ బండి ఆపింది. ఇంటి ముందు బ్రోకరు కుర్రాడు పల్చటి కోటులో వణుకుతూ వాచీ చూసుకుంటున్నాడు. ఇంకో జంట అప్పటికే లోపలికి వెళుతోంది.

"కుర్చీ ఉందాంటీ," అంది రూతన్.

"ఉంటే ఏం? ఇది మన ఊరు కాదుగా. వీళ్లందరికీ వెనక గరాజీలుంటాయి. ఎవరో పారేసిందయ్యుంటుంది."

"పారేసిన కుర్చీని ఇంత నీటుగా మధ్యలో నిలబెడతారా?"

"హద్దు దాటాం, ఇక్కడ మన రూలు లేదు. నువ్వు బండి పెట్టు ముందు," అంటూ ఇర్మా దిగి, కుర్చీ రెండు చేతులా ఎత్తి ఫుట్‌పాత్ మీద పెట్టింది. పోతూ పోతూ సీటు మీది మంచు కూడా దులిపింది, అదేదో మేలు చేస్తున్నట్టు. వెనక సీట్లో మోరా నోరు వెళ్లబెట్టి చూసింది. ఇర్మా ఒకరి కుర్చీ ముట్టుకోవడం ఆ పిల్లకి చర్చి గంట ఎవరో ఎత్తుకుపోవడం చూసినట్టుంది.

ఇల్లు బాగుంది. బాగుందంటే మెరుగులు దిద్దినట్టు కాదు. వంటింటి కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. మెట్ల మలుపులో రంగుటద్దాల కిటికీ ఒకటి పగలకుండా మిగిలింది. కింద సెల్లార్లో, గోడలూ తలుపూ ఏమీ లేకుండా, నట్టనడుమ ఒక టాయిలెట్ ఒంటరిగా నిలబడి ఉంది. ఒకప్పుడు ఉక్కు మిల్లు నుంచి మసి కొట్టుకుని వచ్చే మగవాళ్లు పైకి రాకుండా అక్కడే కడుక్కునేవారు. దాన్ని చూసి ఇర్మా మొదటిసారి తృప్తిగా తలూపింది. ఇది మనుషులున్న ఇల్లే అంది. పై అంతస్తులో వెనకవైపు చిన్న గది ఒకటుంది. మోరా అందులోకి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. ఏం చేస్తున్నావే అని రూతన్ తలుపు తోస్తే, ఆ పిల్ల ఖాళీ గదిలో గోడకానుకుని నేల మీద ఊరికే కూర్చుని ఉంది.

"ఏం లేదమ్మా. తలుపు వేసుకుంటే ఎలా ఉంటుందో చూస్తున్నా," అంది.

రూతన్ తలుపు మళ్లీ దగ్గరికి వేసింది. సోమవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమని బ్రోకరు అంటుంటే తలూపి బయటికొచ్చింది.

వచ్చేసరికి బండి లేదు. ఉంది గానీ కనిపించడం లేదు. చక్రాలు, బానెట్, అద్దాల సగం దాకా మంచు దిట్టంగా కప్పేసి ఉంది. పైన, కప్పు మీద, పసుపు కుర్చీ ఠీవిగా కూర్చుంది. పక్కింటి వరండాలో భారీ మనిషి ఒకామె ఆసుపత్రి బట్టల మీద మగవాళ్ల కోటు వేసుకుని, పార చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎదురు వరండాల్లో ఇంకో ఇద్దరు ముగ్గురు, ఏదో పనున్నట్టు నటించకుండా, చూడ్డానికే వచ్చి నిలబడ్డారు.

"బండి మీదేనా? కుర్చీ తీసిందెవరు?" అంది పారామె.

రూతన్ నోరు తెరిచేలోపు ఇర్మా ముందుకొచ్చింది. "నేనే తీశా."

"ఏ ఊరు మీది?"

"బీచ్‌వ్యూ."

ఆమె పార నేలకానించింది. "ఏ కాలిఫోర్నియా నుంచో వచ్చుంటే పాపం తెలీదులే అనుకుందును. బీచ్‌వ్యూలో పుట్టి కుర్చీ తీశారా? మీ అమ్మ బతికే ఉందా? ఉంటే నేను ఫోన్ చేసి చెప్తా."

ఇర్మా మొహం జేవురించింది. ఇన్నేళ్లలో ఆవిడ ఒకరి చేత మాట పడ్డం రూతన్ చూడలేదు. పైగా అది ఆవిడ పదిమందిని అనే మాటే, అదే వరస, అదే గొంతు. మీకు గరాజీలుంటాయనుకున్నానని ఇర్మా నసిగితే, ఎదురు వరండా వాళ్లు పగలబడి నవ్వారు. ఈ వీధిలో గరాజీ ఉన్నవాడొక్కడేనని, వాడు కూడా అందులో పాత సోఫాలు దాచుకుంటాడని అరిచి మరీ చెప్పారు.

"తప్పు నాది," అంది ఇర్మా. తర్వాత చెయ్యి చాపి, "ఆ పార ఇటివ్వు," అంది.

రూతన్ ఆ మధ్యాహ్నం వేరేవాళ్ల డ్యూటీ ఒప్పుకుంది. వేళకు డిపో చేరాలి. ఆమె చేతులతోనే మంచు తియ్యడం మొదలెట్టింది, పిల్లలు కాళ్లతో తన్నారు, ఇర్మా పారతో ఎత్తిపోసింది. ఆ భారీ మనిషి కొంచెంసేపు చేతులు కట్టుకుని చూసి, అలా పోస్తే నడుం పడిపోతుందని విసుక్కుని, ఇంకో పార తెచ్చి తనూ దిగింది. పూడ్చినంత ఉత్సాహంగానే తవ్వింది.

చేతిలో పార ఉన్నా ఇర్మా నోరు ఊరుకునే రకం కాదు. మంచు సగం తరిగేలోపు ఆ మనిషి పేరు థియొడోరా పాల్కో అని, అందరూ టెడ్డీ అంటారని, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సని, తెల్లవారి ఇంటికొచ్చాక నిద్రమాని ఈ చోటు శుభ్రం చేసుకుందని, మంచులో ఆడే వీధి పిల్లల కోకోకి పాలు లేవని బండి తీసుకుని కొట్టుకెళ్లి వచ్చేసరికి ఈ ఘోరం జరిగిందని అంతా బయటికి లాగింది.

"వీధి పిల్లలంటే?" అంది ఇర్మా.

ఈ వీధిలో చాలామందివి పొద్దుటి పనులని టెడ్డీ చెప్పింది. బడి ఉన్న రోజుల్లో పిల్లలు తన వరండాలో చేరతారు. తను డ్యూటీ నుంచి రాగానే తాగడానికేదో ఇచ్చి, తిననివాళ్లకి తినిపించి, అందర్నీ గుంపుగా బడి మలుపు దాకా నడిపించి, వచ్చి పడుకుంటుంది. ఇది తను పెట్టిన అలవాటు కాదు, అత్తగారు చేసేది, ఆవిడ పోయాక ఎవరో ఒకరు చెయ్యాలి కదా అని తను చేస్తోంది. దాని గురించి ఆమె అంతకన్నా ఏమీ చెప్పలేదు, గొప్పగా అసలే చెప్పలేదు.

ఇర్మా పార ఆగిపోయింది. తర్వాత బండి బయటికొచ్చేదాకా ఆవిడ కళ్లు ఆ వరండా మీదే ఉన్నాయి. ఇంటికెళ్లే దారిలోనూ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కుర్చీ గురించి సిగ్గుపడుతోందనుకుని రూతన్ కదిలించలేదు.

ఆదివారమంతా రూతన్ ఆలోచించింది. మోరా ఖాళీ గదిలో కూర్చున్న తీరు కళ్లముందు నుంచి పోవడం లేదు. టెడ్డీ వరండా సంగతీ ఆమె విన్నది. కానీ ఏ మొహం పెట్టుకుని అడగాలి? చోటు దొంగిలించి, తిట్లు తిని, మర్నాడు వెళ్లి మా పిల్లల్ని కూడా చూసుకోండి అనడమా? అంతకన్నా పెద్ద చిక్కు కిందింట్లో ఉంది. పొద్దున్నే ఆ పిల్లల కోసం లేచే మనిషికి, రేపటి నుంచి మీరు లేవక్కర్లేదు అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నాలుగేళ్ల రుణం తీర్చుకునే పద్ధతి అది కాదనిపించింది. దుప్పటి తీసేసి చెక్కతో అడ్డుగోడ కట్టిద్దాం, ఇంకో రెండేళ్లు గడుస్తాయి అని మనసు గట్టి చేసుకుంది.

సోమవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇర్మా పై వాటాలో, రూతన్ వంటింట్లో కూర్చుని ఉంది. తల మీది ఊలు టోపీ ఇంకా తియ్యలేదు. బూట్ల కింద కరిగిన మంచు మడుగు కట్టింది.

"బ్రోకరుకి ఫోన్ చేశావా?" అంది.

"చెయ్యలేదు. వద్దనుకుంటున్నా ఆంటీ."

"నాకు తెలుసు. అందుకే పొద్దున పిల్లల్ని స్కూలుకి పంపి డార్మాంట్ వెళ్లొచ్చా."

వాల్‌నట్ పప్పు కూరిన తీపి రొట్టె ఒకటి చేసి పట్టుకెళ్లిందట. కుర్చీ సీటు ఒక చోట చిరిగి ఉండడం శనివారమే గమనించిందట, దానికి అతికే రెగ్జిను ముక్క కూడా తీసుకెళ్లిందట. టెడ్డీ పడుకోబోతూ తలుపు తీసింది. తీసినందుకు పాపం గంటసేపు నిద్ర పాడుచేసుకుంది. ఆ గంటలో ఇర్మా ఆమె వంటిల్లంతా చూసింది. పొయ్యి శుభ్రం ఎలా ఉందో, పిల్లల మీద గొంతు లేస్తుందా, కోటు వేసుకోని పిల్లకి ఏం చెబుతుంది, ముద్దలు కట్టిన జావ తినని పిల్లాణ్ణి ఏం చేస్తుంది, అన్నీ అడిగింది. టెడ్డీ రాకముందు, పిల్లలు నిద్రలో ఉండే వేళ సంగతీ అడిగింది. అమ్మకానికున్న ఇంటికీ తమ ఇంటికీ మధ్య ఒక్క గోడేనని, పిల్లి తుమ్మినా లేచే తన మొగుడు రీజిస్ అవతల పడుకుంటాడని టెడ్డీ చెబితే, ఆ రీజిస్‌ని కూడా లేపించి ఒకసారి చూసి వచ్చింది.

"మీరెందుకు వెళ్లారు? నేను అడగమన్నానా?" అంది రూతన్. కోపం రావాల్సిన చోట ఏడుపొస్తోంది.

"ఎందుకెళ్లానంటావేంటి? నా పిల్లల్ని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెడతానా?"

"మీకు మాత్రం? పొద్దున్నే పైకి రాకపోతే మీకు తోస్తుందా?"

"తోచదు. అయితే ఏం? నాకు తోచదని ఆ పిల్ల దుప్పటి వెనకాల పెరగాలా?" ఇర్మా టోపీ తీసి బల్ల మీద పెట్టింది. "చూడమ్మాయ్. నా మీద జాలితో నువ్విక్కడ ఉండిపోతే, ఆ జాలి రోజూ మెట్లెక్కి మొయ్యాల్సింది నేను. నా మోకాళ్లకి అంత బలం లేదు. మనుషులు తలుపులేసుకునే చోటైతే నేనే వద్దందును. ఆ ఆడమనిషి నా మొహం మీదే మా అమ్మకి ఫోన్ చేస్తానంది. కుర్చీ తీస్తే బండి పాతిపెట్టే వీధిలో పిల్లలకేం భయం లేదు. ఫోన్ చెయ్."

రూతన్ ఫోన్ చేసింది. మొదటిసారి తప్పు నంబరు నొక్కింది.

కాగితాల పనులు అయ్యేసరికి వసంతం వచ్చింది. మార్విన్ అన్నట్టు ఇంటి పన్ను చూసి రూతన్ కళ్లు తిరిగాయి. వెర్నన్ ఆమె ఏదో యుద్ధానికి వెళుతున్నట్టు సాసేజీలు రెండు ఎక్కువ వేసిచ్చాడు. సామాను దించే రోజు టెడ్డీ, రీజిస్, ఎదురు వరండా వాళ్లు అడక్కుండానే వచ్చి మంచాలు మోశారు. మధ్యమధ్య ఆ పాత కథ ఎత్తి, బీచ్‌వ్యూవాళ్లు కుర్చీ కనబడితే తీసుకెళ్లిపోతారు జాగ్రత్త అని ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. ఇర్మా కూడా వచ్చింది, అలమరల్లో కాగితాలు పరిచింది, ఎవరి మాటకీ నవ్వలేదు, సాయంత్రం కాకముందే ట్రామ్ ఎక్కి వెళ్లిపోయింది. వెళుతూ రూతన్ చేతిలో, నాలుగేళ్ల కింద తీసుకున్న పాత తాళంచెవి తిరిగి పెట్టబోతే, దాచుకోండి అని రూతన్ ఆవిడ వేళ్లు మూసేసింది. నువ్వు లేని వాటా తాళంచెవి నాకెందుకంటూనే ఇర్మా దాన్ని పర్సులో వేసుకుంది.

కొత్త ఇంటి నుంచి మొదటిసారి డ్యూటీకి వెళ్లే పొద్దున రూతన్ పిల్లల గదుల దగ్గర నిలబడి ఊపిరి శబ్దం వింది. మోరా తలుపు వేసుకుని పడుకుంది. టెడ్డీ ఇంట్లో వంటింటి దీపం వెలిగింది, రీజిస్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అంతా చెప్పినట్టే ఉంది. అయినా డిపో దాకా కారు తోలుతుంటే ఆమెకు ఏదో మరిచిపోయి వచ్చినట్టే ఉంది. మొదటి ట్రామ్ తీసుకుని డార్మాంట్ స్టేషన్ దాటేటప్పుడు తన వీధి వైపు మెడ తిప్పి చూసింది. చీకట్లో ఏం కనపడలేదు. డెనిస్ పోయాక ఇంత ఒంటరిగా అనిపించిన రోజు లేదు, ఇంత మంది మనుషులు దొరికాక కూడా ఇలా ఎందుకనిపిస్తోందో ఆమెకే తెలియలేదు.

బీచ్‌వ్యూ స్టేషన్‌లో ఆ వేళకు ఎక్కేది ఇద్దరు. ఒకడు రొట్టెల కొట్టు పనివాడు, ఒకామె ఆఫీసులు తుడిచే మనిషి. వాళ్ల వెనకాల, తలుపు దగ్గర, ఊలు టోపీ పెట్టుకుని ఇర్మా నిలబడి ఉంది. చేతిలో తువ్వాలు చుట్టిన పొట్లం ఉంది. మెట్లెక్కి పాసు చూపించి, డ్రైవరు వెనక సీట్లో దర్జాగా కూర్చుంది.

"పిల్లల దగ్గరికైతే అటు ట్రామ్ ఎక్కాలాంటీ. అయినా వాళ్లకి టెడ్డీ ఉంది, ఈ చలిలో మీరెందుకు లేచారు?" అంది రూతన్.

"పిల్లల కోసం ఎవరొచ్చారు?" అంది ఇర్మా. "ఇన్నేళ్లు వాళ్లకి పెట్టి పంపే హడావుడిలో నువ్వేం తిని వెళుతున్నావో చూడలేదు. వాళ్లకి ఆవిడుంది. నీకెవరున్నారని వచ్చా."

రూతన్ తలుపులు మూసింది, గంట కొట్టింది, ట్రామ్ కదిలించింది. డ్రైవరు పట్టాల మీంచి చూపు తిప్పకూడదు, అది మంచి రూలే, ఎందుకంటే ఆమె మొహం అప్పుడు ఎవరూ చూడదగ్గట్టు లేదు. కొండ దిగే మలుపు దాటాక, వెనక్కి తిరక్కుండానే, ఒక చెయ్యి వెనక్కి చాపింది. ఇర్మా పొట్లం విప్పి, వెచ్చటి గుడ్డు శాండ్‌విచ్ ఆ చేతిలో పెట్టింది.